పెద్ద స్ట్రోక్, అంతకుముందే డిమెన్షియా: నాన్నగారు ఇంకెన్నాళ్ళు ఉంటారో ఎలా తెలుస్తుంది?

గుడివాడ అమ్మాయి:

మంచంలో ఉన్న పెద్దవాళ్ళను ఏళ్ళ తరబడి చూసుకున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకే ధైర్యం చేసి అడుగుతున్నాను.

మా నాన్నగారికి 76 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బీపీ, షుగరు ఎప్పటినుంచో ఉన్నాయి. కొన్నేళ్ళ క్రితం చిన్న స్ట్రోక్ వచ్చి మూతి వంకర పోయింది, అది సర్దుకుంది. మతిమరుపు మాత్రం అక్కణ్ణుంచే మొదలైంది. పింఛను తీసుకున్న సంగతి మర్చిపోయి మళ్ళీ బ్యాంకుకు బయల్దేరడం, బజారుకు వెళ్ళి దారి తప్పడం, చివరికి అమ్మనే "మీరెవరండీ" అని అడిగేదాకా వచ్చింది. వాస్కులర్ డిమెన్షియా, అంటే మెదడుకు రక్తం సరిగ్గా అందక వచ్చే మతిమరుపు జబ్బు అన్నారు డాక్టరుగారు.

సంక్రాంతి వెళ్ళాక పెద్ద స్ట్రోక్ వచ్చింది. నిద్రలో వచ్చింది, తెల్లవారి కాఫీ ఇవ్వడానికి లేపితే గానీ మాకు తెలియలేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే చెయ్యాలట, ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి చెయ్యలేదు. మెదడులో ఎడమవైపు పెద్ద రక్తనాళం మూసుకుపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పూర్తిగా పడిపోయాయి. మాట పోయింది. ఐసీయూలో ఉంచి, ముక్కులోంచి ఆహారం పోసే రైల్స్ ట్యూబు, మూత్రానికి పైపు పెట్టి ఇంటికి పంపారు. డిశ్చార్జి రోజు "ఎన్నాళ్ళు ఉంటారండీ" అని అడిగితే "ఏజ్ ఉంది కదమ్మా, చెప్పలేం" అని ఫైలు చేతిలో పెట్టారు.

ఇప్పుడు మూడు నెలలు దాటింది. రోజులో ఎక్కువసేపు నిద్రే. మెలకువగా ఉన్నప్పుడు ఎడమ చెయ్యి మాత్రం ఊరుకోదు. దుప్పటి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, చిన్న మడత పెట్టి, మణికట్టు తిప్పి లాగుతారు. మళ్ళీ ఇంకో మడత. టికెట్లు చింపుతున్నారని అమ్మ అంటుంది. నిజంగా అలాగే ఉంటుంది, ఆ మణికట్టు విసురు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ చెయ్యే ఒక్కోసారి ముక్కు ట్యూబు మీదికి పోతుంది.

పోయిన నెల జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ సూదులు. నరం దొరక్క రెండు చేతులూ నల్లగా కమిలిపోయాయి. ఇంటికి వచ్చాక నడుము కింద ఎర్రగా మచ్చ కనపడింది.

ఇంట్లో తలో మాటా అంటున్నారు. మేనత్త పావురం రక్తంతో మర్దన చేయించమంటుంది. బాబాయి "ఆ ట్యూబు తీసేయండమ్మా, ప్రాణం తంటాలు పడుతోంది" అంటారు. అమ్మ "నన్ను చూసి కళ్ళార్పుతున్నారు, తీస్తే ఊరుకోను" అంటుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడు రోజూ ఫోన్ చేసి "అక్కా, ఇప్పుడే రానా, ఇంకొన్నాళ్ళు ఆగనా" అని అడుగుతున్నాడు. వాడికి సెలవు ఒక్కసారే దొరుకుతుంది. వాడికి నేనేం చెప్పను?

ఈ ప్రశ్న అడిగితే ఎప్పుడు పోతారా అని ఎదురుచూస్తున్నట్టు వినిపిస్తుందని తెలుసు. నాన్నగారు నన్ను డిగ్రీ చదివించడానికి డబుల్ డ్యూటీలు చేసిన మనిషి. ఆయన ఒక్క రోజు ఎక్కువ ఉన్నా నాకు ఇష్టమే. కానీ మనిషిని పెట్టుకోవడానికి నెలకు ఇరవై అయిదు వేలు అవుతోంది, అమ్మ మోకాళ్ళు పనిచెయ్యవు, నా కూతురు విజయవాడలో ఇంటర్ చదువుతోంది. ఆరు నెలలకు చేసుకునే ఏర్పాటు వేరు, అయిదేళ్ళకు చేసుకునే ఏర్పాటు వేరు. ఈసారి జ్వరం వస్తే మళ్ళీ ఐసీయూకు తీసుకెళ్ళాలా? ఆయనకు అసలు మా మాట అర్థమవుతోందా? తెలిసినవాళ్ళు దాచకుండా చెప్పండి.

ఖమ్మం కోడలు:

అక్కా, మా అత్తమ్మకు కూడా ఇట్లాగే అయింది. ఆమెకు మెదడులో రక్తం కారిన స్ట్రోక్. ఆరు నెలలు కష్టం అని చెప్పి ఇంటికి పంపారు. మూడేళ్ళకు దగ్గర దగ్గరగా ఉంది. అదే వీధిలో ఇంకో పెద్దాయన, వయసులో ఆమెకంటే చిన్న, రెండు నెలలకే నిమ్ము చేసి పోయాడు. కాబట్టి ఎన్నాళ్ళు అన్నది నేను చెప్పలేను. కానీ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి ఇది చెప్తా: మంచంలో ఉన్నవాళ్ళను స్ట్రోక్ కంటే తర్వాత వచ్చే నిమ్ము, పుండు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎక్కువ తీసుకుపోతాయి. వాటిలో కొంత మన చేతుల్లో ఉంది.

ముందు ఆ ఎర్ర మచ్చ సంగతి చూడు. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రగైతే ఇంకా ఫరవాలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే, లోపల కండ దెబ్బతింటోంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఒరిగించినట్టు. పిక్కల కింద మెత్తటి దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. ఆ ఎర్రగా ఉన్నచోట మాత్రం రుద్దకు, మర్దన చెయ్యకు. ఎయిర్ బెడ్ లేకపోతే తెప్పించు. కానీ అది కరెంటుతో నడుస్తుంది అక్కా, ఎండాకాలం కరెంటు పోతే గాలి దిగిపోతుంది. ఇన్వర్టర్‌కు కలిపి పెట్టుకో. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానితే మాత్రం పుండు ఆగదు.

ట్యూబులో పాలు, జావ పోసేటప్పుడు తలవైపు బాగా ఎత్తి పెట్టాలి, పోసినాక కూడా గంట దాకా అట్లాగే ఉంచాలి. పోసే ముందు ట్యూబు మీద ముక్కు దగ్గర పెన్నుతో గీసిన గుర్తు కదిలిందా అని చూడు. కదిలితే పొయ్యకు, సిస్టర్‌ను పిలువు. నోట్లోంచి తినట్లేదు కదా అని నోరు కడగడం మానేస్తారు చాలామంది. అక్కడే తప్పుతుంది. లాలాజలంలో ఉన్న క్రిములు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేలికి తడి గాజుగుడ్డ చుట్టి చిగుళ్ళు, నాలుక, బుగ్గ లోపలివైపు పూటపూటకూ తుడువు.

చెయ్యి ట్యూబు మీదికి పోతోందని మంచానికి కట్టెయ్యకండి. అత్తమ్మకు మెత్తటి గ్లౌజు వేసి, చేతిలో చిన్న టవల్ పెట్టేవాళ్ళం. మీ నాన్నకు దుప్పటి అంచు ఇష్టం కాబట్టి పాత పంచె ముక్క ఒకటి చేతికివ్వు, ఆయన పని ఆయన చేసుకుంటాడు.

పావురం రక్తం వద్దే వద్దు. ఆ పక్షి పోవడం తప్ప పడిపోయిన నరం లేవదు.

ఆఖరిసారి జ్వరం వచ్చినప్పుడు మేము ఐసీయూకు తీసుకుపోలేదు. మా ఆయన, మా ఆడబిడ్డలు, మేమందరం అంతకుముందే కూర్చుని మాట్లాడుకున్నాం. డాక్టర్ ఇంటికి వచ్చి నొప్పికి, ఆయాసానికి మందులు రాసిచ్చారు. అత్తమ్మ మా మధ్యే పోయింది. ఆ మాటలు ముందే అయిపోయినందుకు ఈ రోజుకూ ఎవరం ఎవరినీ ఒక్క మాట అనుకోం.

పాలియేటివ్ డాక్టర్, హైదరాబాద్:

అమ్మా, పాలియేటివ్ అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం, నేను చేసేది అదే. నేను మీ నాన్నగారిని చూడలేదు. మీరు రాసినదాన్ని బట్టి చెబుతాను, మీ డాక్టరుగారితో సరిచూసుకోండి.

ముందు మీ ఆఖరి ప్రశ్న. మెదడు ఎడమవైపు పెద్ద స్ట్రోక్ వస్తే మాట పోతుంది, ఎదుటివాళ్ళ మాట అర్థం చేసుకునే శక్తి కూడా తగ్గుతుంది. దీన్ని అఫేజియా అంటాం. పైకి చూస్తే డిమెన్షియా ఒక్కసారిగా ముదిరినట్టే ఉంటుంది, కానీ రెండూ వేరు. మాట అర్థం కాకపోయినా గొంతు, ముఖం, స్పర్శ గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు. అందుకని ఆయన మంచం పక్కన నిలబడి ట్యూబు తియ్యాలా వద్దా అని వాదించుకోకండి, ఆ మాటలు వేరే గదిలో పెట్టుకోండి. స్ట్రోక్ తర్వాత కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో జరుగుతుంది. మీరిప్పుడు ఆ మధ్యలో ఉన్నారు. స్పీచ్ థెరపిస్టును ఒకసారి పిలిపించండి. మాట కోసం మాత్రమే కాదు, మింగడం పరీక్షించేది కూడా వాళ్ళే.

ఇక కాలం సంగతి. వాస్కులర్ డిమెన్షియా తెలిసినప్పటినుంచి సగటున అయిదేళ్ళు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ సగటులో నడుస్తూ తిరుగుతున్నవాళ్ళూ ఉన్నారు, మీ నాన్నగారికి అది సరిపోదు. మంచానపడి, మాట పోయి, అన్నిటికీ ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళ లెక్క వేరు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో డిమెన్షియా చివరి దశలో ఉన్న 323 మందిని ఏడాదిన్నర పాటు గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఏడాదిన్నరలో 55 శాతం మంది పోయారు. ఆరు నెలల్లోపు పోయినవాళ్ళు నలుగురిలో ఒకరు. న్యుమోనియా, అంటే నిమ్ము వచ్చినవాళ్ళలో అయితే, వచ్చిన ఆరు నెలల్లోపు దాదాపు సగం మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమందిది అల్జీమర్స్ అనే ఇంకో రకం డిమెన్షియా, దేశమూ వేరు. అయినా నేను ఇళ్ళకు వెళ్ళి చూసేదానికి ఇది దూరంగా లేదు.

అందుకని మీ నాన్నగారి విషయంలో నేనయితే "రోజుల్లో కాదు, నెలల నుంచి ఒకటి రెండేళ్ళ మధ్య" అంటాను. ఈ ఏడాది లోపలే పోయినా ఆశ్చర్యపోను. ఖమ్మం వారి అత్తమ్మలా అంతకుమించి ఉన్నా ఆశ్చర్యపోను. స్కానింగు చూసి చెప్పేదానికంటే మీరు ఇంట్లో చూసేదే ఎక్కువ చెబుతుంది. నిమ్ము మళ్ళీ మళ్ళీ రావడం, ట్యూబులో పోసింది ఇమడక వాంతి కావడం, సరిగ్గా పోస్తున్నా ఒళ్ళు తగ్గిపోవడం, పుండు మానకపోవడం, మెలకువగా ఉండే సమయం వారం వారానికీ కుదించుకుపోవడం. వీటిలో రెండు మూడు కలిసి వస్తే కాలం దగ్గరపడిందని అనుకోవాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఉన్నట్టుండి మత్తుగా అయితే అది చివరి దశ అనుకుని వదిలెయ్యకండి. షుగరు పడిపోయినా, మూత్రం ఆగిపోయినా, మలబద్ధకం ముదిరినా అలాగే అవుతుంది. అవి సరిచేస్తే తేరుకుంటారు.

తమ్ముడికి ఇప్పుడే రమ్మనండి. కళ్ళు తెరిచి చూస్తున్నప్పుడు వచ్చి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని వెళ్ళడం మేలు. చివరి రోజుకు అందుకోవాలని ఆగినవాళ్ళలో చాలామంది ఆసుపత్రి కారిడార్‌లో నిలబడటానికే వస్తారు. అంత్యక్రియలకు రావాల్సిన అవసరం గురించి వాడు ఇప్పుడే వాళ్ళ ఆఫీసులో మాట్లాడి పెట్టుకోవచ్చు.

ట్యూబు గురించి బాబాయిగారికీ అమ్మగారికీ ఇద్దరికీ చెప్పాల్సింది ఉంది. స్ట్రోక్ వచ్చిన కొత్తలో ట్యూబు అవసరం, ఎందుకంటే మింగడం మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుంది. డిమెన్షియా చివరి దశకు చేరినప్పుడు మాత్రం ట్యూబు వల్ల ఆయుష్షు పెరగదు, నిమ్మూ ఆగదు. ఆ దశలో ఓపిగ్గా స్పూనుతో తినిపించగలిగినంతే చాలని ముసలివాళ్ళ వైద్యులు చెబుతారు. మీ నాన్నగారికి రెండు జబ్బులూ ఉన్నాయి కాబట్టి ఒక్క ముక్కలో తేల్చలేం. మింగే పరీక్ష చేయించండి. కొంచెం మింగగలిగితే రుచికోసం చిక్కటి జావ స్పూను స్పూను పెట్టడం మొదలవుతుంది. నీళ్ళలాంటి పలచటివాటికంటే చిక్కటివి మింగడం తేలిక. ఆ పరీక్ష కాకుండా ఎవరి మాట మీదా ట్యూబు తియ్యకండి. మూత్రం పైపు మాత్రం ఇంకా ఎందుకుందో డాక్టరును అడగండి. తీసి డైపర్ వాడగలిగితే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి.

ఈసారి జ్వరానికి ఏం చెయ్యాలో జ్వరం రాకముందే నిర్ణయించుకోండి. రాత్రి రెండింటికి ఆంబులెన్స్ వచ్చాక ఎవరి బుర్రా పనిచెయ్యదు. ఇంట్లోనే మందులు, ఆయాసానికి ఉపశమనం అన్నది ఒక దారి. వార్డులో సూదిమందుల వరకూ వెళ్ళి వెంటిలేటర్ వద్దనడం ఇంకో దారి. అన్నీ చేయించడం మూడోది. మూడూ ప్రేమతో ఎంచుకోగలిగినవే. మీ నాన్నగారు మాట ఉన్నప్పుడు ఎప్పుడైనా, ఎవరి గురించైనా, "ఇలా పైపులతో ఉంచారేమిటి" అనో "చివరిదాకా చూడాలి" అనో అన్నారా, గుర్తు చేసుకోండి. ఆ మాటకే ఎక్కువ విలువివ్వాలి. నిర్ణయించినదాన్ని ఒక కాగితం మీద రాసి, మీ డాక్టరుగారికి చూపించి, ఫైలు పైన పెట్టండి. నేను పైన చెప్పిన అధ్యయనంలోనే ఒక విషయం తేలింది: జబ్బు ఎటు పోతోందో ముందే తెలిసిన కుటుంబాల్లో ఆఖరి మూడు నెలల్లో ఆసుపత్రి పరుగులు, సూదులు, ట్యూబులు చాలా తక్కువ.

చట్టం గురించి భయపడేవాళ్ళుంటారు. ప్రాణం నిలబెట్టే యంత్రాలు వద్దని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. నాన్నగారికి ఆ వీలు దాటిపోయింది, ఆయన తరఫున కుటుంబం, డాక్టర్లు కలిసి తేల్చాలి. అమ్మగారు తన సంగతి ఇప్పుడే రాసుకోవచ్చు.

నూజివీడు:

డాక్టరుగారు అన్నీ చెప్పారు, నేను డబ్బు సంగతి చెబుతాను. మన ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. మామూలు వృద్ధాప్య పింఛను 4,000 కంటే ఇది వేరు, చాలామందికి తెలియదు. మీ వార్డు సచివాలయానికి డిశ్చార్జి కాగితాలు, ఆధార్ తీసుకెళ్ళి కనుక్కోండి, ప్రభుత్వ డాక్టరు ధ్రువీకరణ కావాలంటారు. నాన్నగారికి ఆర్టీసీ తరఫున ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే) పింఛను వస్తుంటే ఆ సంగతి ముందే చెప్పి అడగండి, తర్వాత ఇబ్బంది ఉండదు. పెద్దవాళ్ళ కోసం ఎల్డర్ లైన్ 14567 నంబరు ఉంది, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు.

గుడివాడ అమ్మాయి:

అందరికీ పేరుపేరునా నమస్కారం. ఖమ్మం చెల్లీ, నీ మాట చూసిన రాత్రే మచ్చ నొక్కి చూశాను. తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది. అలారం పెట్టుకుని తిప్పుతున్నాం, రాత్రి మొదటి సగం నేను, రెండో సగం పనిమనిషి. అమ్మను ఆ పనినుంచి తప్పించాను. మచ్చ ఇప్పుడు బాగా తగ్గింది.

స్పీచ్ థెరపిస్టు వచ్చారు. కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిక్కటి రాగిజావ అరస్పూను పెట్టారు. మొదటిది బుగ్గలోనే ఉండిపోయింది. రెండోది మింగారు, గొంతు కదలడం నేను కళ్ళారా చూశాను. మూడోదానికి దగ్గొచ్చింది, అక్కడితో ఆపేశారు. ట్యూబు ఉంచి, రోజుకు రెండుసార్లు ఆమె నేర్పినట్టు రుచికి మాత్రం పెట్టమన్నారు. అమ్మే పెడుతోంది. బాబాయి కూడా ఇప్పుడు తీసేయమని అనడం లేదు. మూత్రం పైపు తీసేశారు.

తమ్ముడు వచ్చే నెల వస్తున్నాడు. వాడొచ్చాక నలుగురం కూర్చుని ఆ కాగితం రాస్తాం. నాన్నగారు అన్నమాట ఒకటి అమ్మకు గుర్తొచ్చింది. ఆయనతో పనిచేసిన డ్రైవరుగారొకరు చాలాకాలం వెంటిలేటర్ మీద ఉండి పోయారు. చూసి వచ్చి, "నాకైతే ఆ మిషన్ వద్దే, ఇంట్లోనే ఉంచండి" అన్నారట. అమ్మ చెప్పేటప్పుడు ఏడ్చింది గానీ, చెప్పింది.

డాక్టరుగారూ, ఒక్క సందేహం. రాత్రిళ్ళు గొంతులో గురగుర శబ్దం వస్తోంది. గొంతులో చేరినదాన్ని పైపుతో లాగే సక్షన్ మిషన్ ఇంట్లో పెట్టుకోమని ఒకరు చెప్పారు. కొనమంటారా?

పాలియేటివ్ డాక్టర్, హైదరాబాద్:

తొందరపడి కొనకండి అమ్మా. నేర్చుకోకుండా గొంతు లోపలికి పైపు పెడితే రక్తం వస్తుంది, ఆయనకు బాధ. ముందు పక్కకు ఒరిగించి పడుకోబెట్టండి, తలవైపు ఎత్తు ఉంచండి, నోట్లో చేరింది గుడ్డతో తుడవండి. పడుకోబోయే ముందు ట్యూబులో పోసేది కొంచెం ముందుకు జరిపి, మధ్యలో గంటైనా ఉండేలా చూడండి. చాలామందికి దీనితోనే తగ్గుతుంది. తగ్గకపోతే ఊట తగ్గించే మందులున్నాయి, మీ డాక్టరు రాస్తారు. శబ్దంతోపాటు జ్వరం, ఊపిరి వేగం పెరగడం, పెదాలు నీలంగా మారడం ఉంటే మాత్రం ఆ రోజే చూపించండి. మీ అమ్మగారికి గుర్తొచ్చిన మాటను ఆమె చెప్పినట్టే, ఆమె మాటల్లోనే కాగితం మీద మొదటి వాక్యంగా రాయండి.